ప్రోగ్రాం రాయడం నేర్పుతున్నాం, పని పూర్తిచేయడం ఎప్పుడు నేర్పుతాం?

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారం. ఉన్నత పాఠశాల విద్యార్థులకు ప్రోగ్రామింగ్ ఏ తరగతి నుంచి నేర్పాలి, ఏ భాషతో మొదలుపెట్టాలి అన్న చర్చ పత్రికల్లోనూ, తల్లిదండ్రుల సమావేశాల్లోనూ, ఉపాధ్యాయుల శిక్షణ తరగతుల్లోనూ చాలాకాలంగా సాగుతోంది. ఆ చర్చను శ్రద్ధగా గమనిస్తూ వస్తున్న నాకు అందులో ఒక ప్రశ్న మాత్రం వినిపించలేదు. బడి వదిలి వెళ్లేలోగా ఒక విద్యార్థి తోటివారితో కలిసి, మరొకరికి ఉపయోగపడే ప్రోగ్రాం ఒక్కటైనా మొదటి నుంచి చివరిదాకా పూర్తిచేసి చూపించగలిగాడా? నేను పన్నెండేళ్లు సాఫ్ట్‌వేర్ రంగంలో పనిచేసి, ఆ తరువాత తొమ్మిదేళ్లుగా ఉన్నత పాఠశాలలో కంప్యూటర్ పాఠాలు చెబుతున్నాను. రెండు చోట్లా చూసినదాన్ని బట్టి నాకు స్థిరపడిన అభిప్రాయం ఒకటే. ప్రోగ్రామింగును, ప్రాజెక్టు నిర్వహణను విడదీసి, మొదటిది బడిలోనూ రెండవది ఉద్యోగంలో చేరాకా నేర్చుకుంటే చాలుననుకోవడం పొరపాటు. పద్నాలుగు, పదిహేనేళ్ల వయసులోనే ఆ రెండూ ఒకే పనిగా పిల్లల చేతికి అలవడాలి. ఈ విషయాన్ని కాస్త వివరంగా చెప్పుకోవడానికి మీ పత్రికలో చోటు కల్పించవలసిందిగా కోరుతున్నాను.

ప్రోగ్రామింగ్ తరగతి సాధారణంగా నడిచే తీరు మీ పాఠకుల్లో చాలామందికి తెలిసే ఉంటుంది. ఉపాధ్యాయుడు బోర్డు మీద ఒక ప్రోగ్రాం రాస్తాడు, పిల్లలు దాన్ని ఎక్కించుకుంటారు, ల్యాబులో టైపు చేస్తారు, బోర్డు మీద చూపిన ఫలితమే తెర మీద కనిపిస్తే రికార్డు పుస్తకంలో సంతకం పడుతుంది. ప్రధాన సంఖ్యలు, ఫాక్టోరియల్, తిరగేసినా మారని పదాలు, నక్షత్రాలతో త్రిభుజాలు, ఇలా ఏటా అవే ప్రోగ్రాములు వస్తాయి, అవే పరీక్షలోనూ వస్తాయి. వీటివల్ల ప్రయోజనం లేదని నేను అనను. లూప్ ఎలా తిరుగుతుందో, షరతు ఎలా పనిచేస్తుందో తెలియాలంటే ఇలాంటి చిన్న సాధన కావలసిందే. అయితే సంవత్సరమంతా అక్కడే ఆగిపోతే ఏమవుతుందో నేను ఉపాధ్యాయురాలిగా చేరిన మొదటి ఏడాదే చూశాను. పరీక్షలో నూటికి నూరు తెచ్చుకున్న ఒక అమ్మాయిని, బడి గ్రంథాలయంలో ఏ పుస్తకం ఎవరి దగ్గర ఉందో చెప్పే ప్రోగ్రాం తయారుచేయమన్నాను. ఆమె పీరియడంతా ఖాళీ తెర ముందు కూర్చుని, చివరికి నా దగ్గరకు వచ్చి, "ఏ ప్రోగ్రాం రాయాలో చెప్పండి టీచర్, రాసేస్తాను" అంది. ఆ మాటలో నిర్లక్ష్యం ఏమీ లేదు. పెద్ద పనిని చిన్న పనులుగా విడగొట్టడం, వాటిలో ఏది ముందో ఏది వెనకో తేల్చుకోవడం అన్నవి ఆ అమ్మాయికి అప్పటివరకు ఎవరూ నేర్పలేదు. నేనూ నేర్పలేదు.

పిల్లలకు ప్రోగ్రామింగ్ నేర్పాలన్న ఆలోచన కొత్తది కాదు. శాస్త్ర విద్యార్థులు కానివారు కూడా కంప్యూటరును వాడగలగాలని జాన్ కెమెనీ, థామస్ కర్ట్జ్ 1964లో డార్ట్‌మత్ కళాశాలలో బేసిక్ భాషను తయారుచేశారు. 1967లో సీమోర్ పాపర్ట్, వాలీ ఫోర్‌జైగ్, సింథియా సాలమన్ కలిసి పిల్లల కోసమే లోగో భాషను రూపొందించారు. అందులో పిల్లవాడు చెప్పినట్టు తాబేలు బొమ్మ కదులుతూ గీత గీస్తుంది. గీత వంకరపోతే తాను చెప్పిన మాటలో ఎక్కడ తేడా వచ్చిందో పిల్లవాడే వెతుక్కుంటాడు. తప్పు చేయడమంటే మార్కులు పోవడం కాదని, సరిదిద్దుకోవలసిన చోటు కనబడడమని పాపర్ట్ తన జీవితమంతా చెబుతూ వచ్చారు. 2007లో అమెరికాలోని ఎంఐటీ మీడియా ల్యాబ్ విడుదల చేసిన, ముక్కలు పేర్చి ప్రోగ్రాం తయారుచేసే స్క్రాచ్ కూడా ఆ దారిలోదే. ఇంగ్లండులో 2014 సెప్టెంబరు నుంచి ప్రాథమిక తరగతుల్లోనే ప్రోగ్రామింగ్ పాఠ్యాంశమైంది. 1991లో వచ్చిన పైథాన్ భాష ఇప్పుడు బడి పిల్లలకు ఉచితంగా, సులువుగా అందుతోంది. అంటే సాధనాలకు లోటు లేదు. లోటంతా వ్యవధిలో ఉంది. ఒక పీరియడులో మొదలై ఆ పీరియడులోనే ముగిసే పనులు తప్ప, వారాల తరబడి పట్టుకుని ఉండవలసిన పని ఏదీ పిల్లల చేతికి రావడం లేదు.

వారాల తరబడి సాగే పనికి వేరే రకమైన కష్టాలు ఉంటాయి. వాటిని సాఫ్ట్‌వేర్ రంగమే చాలా ఆలస్యంగా, చాలా నష్టపోయి తెలుసుకుంది. 1968లో జర్మనీలోని గార్మిష్‌లో నాటో ఆధ్వర్యంలో జరిగిన సమావేశంలో, పెద్ద ప్రోగ్రాములు గడువు దాటిపోవడం, ఖర్చు మించిపోవడం, చెప్పినట్టు పనిచేయకపోవడం గురించి నిపుణులు బహిరంగంగా చర్చించుకున్నారు. సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ అన్న మాట ఆ సమావేశంతోనే వ్యాప్తిలోకి వచ్చింది. ఐబీఎంలో పెద్ద కంప్యూటర్లను నడిపే ఓఎస్/360 వ్యవస్థ నిర్మాణానికి నాయకత్వం వహించిన ఫ్రెడరిక్ బ్రూక్స్, అప్పటికే ఆలస్యమైన పనిలోకి ఇంకా మనుషుల్ని చేర్చితే అది మరింత ఆలస్యమవుతుందని 1975లో తన అనుభవం నుంచి చెప్పారు. కొత్తగా వచ్చినవారికి పని నేర్పడానికి పాతవారి సమయం పోతుంది. పైగా ఒకరితో ఒకరు మాట్లాడుకోవలసిన జంటలు అమాంతం పెరిగిపోతాయి. నలుగురు సభ్యులుంటే ఆరు జంటలు. ఎనిమిది మంది అయితే ఇరవై ఎనిమిది. ఈ లెక్కను తొమ్మిదో తరగతి పిల్లలు తామే బోర్డు మీద వేసి చూసుకోగలరు. నేను మొదట్లో ఎనిమిది మందితో జట్లు కట్టించి, ఒక జట్టులో సగం మంది ఏం జరుగుతోందో తెలియక కూర్చోవడం చూశాక నలుగురికి దిగాను. ఇప్పటికీ నలుగురే.

అన్నిటికంటే ఎక్కువగా నేను పట్టుబట్టేది అంచనా పుస్తకం గురించి. ప్రతి విద్యార్థీ ఒక మామూలు నోటుపుస్తకంలో రెండు నిలువు గీతలు గీసి, పని మొదలుపెట్టే ముందు దానికి ఎన్ని పీరియడ్లు పడుతుందనుకుంటున్నారో ఒక గడిలో, పూర్తయ్యాక నిజంగా ఎన్ని పట్టాయో పక్క గడిలో రాస్తారు. మూడో గడిలో తేడాకు కారణం ఒక్క వాక్యంలో రాయాలి. అంతే. మనుషులు తమ పనికి పట్టే సమయాన్ని ఎప్పుడూ తక్కువగానే అంచనా వేస్తారని, అంతకుముందు అలాంటి పనులే ఆలస్యమైన సంగతి స్వయంగా తెలిసి కూడా అదే పొరపాటు చేస్తారని మనస్తత్వ శాస్త్రవేత్తలు డేనియల్ కానెమన్, ఆమోస్ ట్వెర్‌స్కీ 1979లో వెలువరించిన పత్రంలో వివరించారు. పెద్దలకే తప్పని ఈ పొరపాటును పిల్లలు తమ చేతిరాతలో చూసుకుంటారు. ఒక అబ్బాయి, వాడేవారి పేరు, సంకేతపదం (పాస్‌వర్డ్) అడిగే తెరకు ఒక పీరియడు చాలునని రాశాడు. ఐదు పట్టాయి. కారణం రాయమంటే మొదట, "నాకు సరిగా రాలేదు" అని రాశాడు. అలా కాదు, ఏ రోజు ఏం చేశావో వరుసగా చెప్పమన్నాను. తెరను తయారుచేయడానికి నిజంగానే ఒక పీరియడే పట్టింది. సంకేతపదం తప్పుగా కొడితే ఏం జరగాలి, మూడుసార్లు తప్పు కొడితే ఏం జరగాలి, మరిచిపోయినవారు ఎవరిని అడగాలి అన్నవి తేల్చుకోవడానికి మిగిలిన నాలుగు పీరియడ్లు గడిచాయి. ఆ అబ్బాయి తన చేతకానితనం అనుకున్నది నిజానికి ముందుగా అడగని ప్రశ్నలు. ఆ రోజు ఆ పిల్లవాడి ముఖంలో కనిపించిన ఊరట నాకు ఇంకా గుర్తుంది.

ఈ పుస్తకం రెండు మూడు ప్రాజెక్టుల దాకా నడిస్తే ఒక మార్పు కనిపిస్తుంది. పిల్లల అంచనాలు నిజానికి దగ్గరవుతూ వస్తాయి. వాళ్లు వేగంగా పనిచేయడం నేర్చుకున్నారని నేను మొదట అనుకున్నాను. పుస్తకాలు తిరగేసి చూస్తే వేగంలో పెద్ద తేడా లేదు. పని ముక్కలు చిన్నవయ్యాయి. మొదటి ప్రాజెక్టులో "గ్రంథాలయం ప్రోగ్రాం చేయడం" అని ఒకే వరుసలో రాసిన పిల్లలు, మూడో ప్రాజెక్టుకు వచ్చేసరికి "తిరిగి ఇచ్చిన తేదీని ఫైలులో రాయడం" అనేంత చిన్న ముక్కలుగా రాస్తున్నారు. రెండు పీరియడ్లకు మించి పట్టే ముక్క ఏదైనా ఉంటే దాన్ని ఇంకా విడగొట్టాలన్నది మా తరగతిలో నియమం. విడగొట్టలేకపోతే ఆ పని ఏమిటో మనకింకా అర్థం కాలేదన్నమాట, కాబట్టి ముందు వెళ్లి అడిగి తెలుసుకోవాలి. ప్రణాళిక అన్న మాటకు ఇంతకంటే పెద్ద నిర్వచనం ఆ వయసు పిల్లలకు అవసరమని నేను అనుకోను.

రెండవ ముఖ్య విషయం పరిధి. ఉత్సాహం ఉన్న జట్టు మొదటి రోజే పెద్ద జాబితా రాసుకొస్తుంది. పుస్తకాల ఇచ్చిపుచ్చుకోలు, గడువు దాటినవారికి హెచ్చరిక, రచయిత పేరుతో వెతుకులాట, అట్టల బొమ్మలు, పాఠకుల అభిప్రాయాలు, ఫోనులో పనిచేసే రూపం, ఇలా అన్నీ కావాలంటారు. ఆరంభశూరత్వం అన్న మాట మనకు ఊరికే రాలేదు. ఆ జాబితాలో ఏ ఒక్కటి లేకపోతే ప్రోగ్రాం అసలు పనికే రాదో అది మాత్రం పైన ఉంచి, మిగిలినవన్నీ కింద రాయమంటాను. దాదాపు ప్రతిసారీ పైన మిగిలేవి రెండే, పుస్తకం ఇచ్చినట్టు రాయడం, తిరిగి తీసుకున్నట్టు రాయడం. మూడో వారం ముగిసేలోగా ఆ రెండూ పనిచేసి తీరాలి, తెర ఎంత సాదాగా ఉన్నా సరే. ఇలా చేయించకపోతే జరిగేది నేను చాలాసార్లు చూశాను. మొదటి నెలంతా రంగులకు, బొమ్మలకు పోతుంది. రెండో నెలలో సమాచారం దాచుకునే పద్ధతి గురించి వాదనలు నడుస్తాయి. చివరి వారంలో చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అందరూ ల్యాబులో గుమిగూడతారు. గడువు ముంచుకొస్తున్నప్పుడు రాత్రిళ్లు మేల్కొని పనిచేయడం గొప్పతనమని పిల్లలకు ఎవరో చెప్పి పెట్టారు. జాబితాలో కింద ఉన్న పనిని ఈసారికి వదులుకుందామని జట్టు కూర్చుని, ఆలోచించి, రాసి పెట్టుకోవడం దానికంటే కష్టమైన పని. అది చేసిన జట్టును నేను తరగతి ముందు మెచ్చుకుంటాను.

విడివిడిగా రాసిన భాగాలను కలిపే చోటే జట్లు ఎక్కువగా దెబ్బతింటాయి. ఒక ఏడాది నా విద్యార్థినుల జట్టులో ఒకరు తేదీని ముందు రోజు, తరువాత నెల వచ్చేలా రాశారు. మరొకరు ముందు నెల అనుకుని చదివారు. ఎవరి భాగం వారి దగ్గర చక్కగా పనిచేసింది. ప్రదర్శనకు ముందు రోజు కలిపితే సగం పుస్తకాలు ఎప్పుడో గడువు దాటిపోయినట్టు చూపించింది. ఆ పిల్లలు ఏడ్చారు. తప్పు నాదే, ఎందుకంటే రెండో వారంలోనే భాగాలు కలిపి చూడమని నేను చెప్పి ఉండాలి. వారిని ఓదార్చడానికి 1999 సెప్టెంబరులో అంగారకుడిని చేరుతూ నాశనమైన నాసా వ్యోమనౌక మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ గురించి చెప్పాను. భూమి మీది ఒక ప్రోగ్రాం రాకెట్ తోపుడు ప్రభావాన్ని పౌండు-సెకన్లలో ఇచ్చింది; దాన్ని అందుకున్న ప్రోగ్రాం అవి న్యూటన్-సెకన్లు అనుకుంది. రెండు కొలతల మధ్య తేడా దాదాపు నాలుగున్నర రెట్లు. అంత పెద్ద సంస్థలోనూ భాగాలు కలిసే చోట ఎవరు ఏ కొలతలో చెబుతున్నారన్నది సరిచూసుకోకపోతే ఇలా జరిగిందని విన్నాక, ఆ పిల్లలు ఏడుపు మాని ఒక కాగితం తీసుకున్నారు. ఒకరి భాగం నుంచి మరొకరి భాగానికి ఏం వెళ్తుంది, ఏ రూపంలో వెళ్తుంది అన్నది అందులో రాసి, నలుగురూ సంతకాలు పెట్టారు. ఇప్పుడు ప్రతి జట్టూ మొదటి వారంలో ఆ కాగితం రాస్తుంది.

ఎక్కడినుంచో తెచ్చుకున్న కోడ్ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఈ రోజుల్లో అడిగిన క్షణంలో ప్రోగ్రాం రాసిచ్చే కృత్రిమ మేధ సాధనాలు పిల్లలందరికీ అందుబాటులో ఉన్నాయి. వాటిని నిషేధించి లాభం లేదు, నేను నిషేధించను కూడా. 1996 జూన్ 4న ఏరియన్ 5 రాకెట్ తన మొదటి ప్రయాణంలోనే, బయలుదేరిన నిమిషం లోపు గాలిలో ముక్కలైన సంగతి మాత్రం తప్పకుండా చెబుతాను. అంతకుముందు ఏరియన్ 4లో ఏ లోపమూ లేకుండా పనిచేసిన కోడునే అందులో వాడారు. కొత్త రాకెట్ వేగం ఎక్కువ కావడంతో ఒక సంఖ్య తనకు కేటాయించిన 16 బిట్ల చోటులో పట్టలేదు. మరొక చోట సరిగ్గా పనిచేసిందన్నది ఇక్కడ పనిచేస్తుందనడానికి హామీ కాదని ఇంతకంటే స్పష్టంగా చెప్పే ఉదాహరణ నాకు తెలియదు. అందుకే ఎవరు రాసిన కోడైనా సరే, దాన్ని జట్టులో ఒకరు వరుస వరుసకూ వివరించగలిగితేనే, ఏ విలువలు ఇస్తే అది తప్పుతుందో పరీక్షించి చూపితేనే ప్రాజెక్టులో చేర్చాలన్నది మా పద్ధతి. కోడ్ రాయడం యంత్రానికి తేలికయ్యేకొద్దీ, ఏం కావాలో నిక్కచ్చిగా అడగడం, వచ్చినదాన్ని అనుమానించి పరీక్షించడం మనిషికి మిగిలే పనులు. అవి ప్రాజెక్టులోనే అలవడతాయి, అభ్యాస ప్రశ్నల్లో అలవడవు.

పరీక్షించడం అనగానే పిల్లలు తమ ప్రోగ్రామును తామే, తమకు తెలిసిన విలువలతో నడిపి చూపిస్తారు. దానివల్ల తెలిసేది తక్కువ. అపోలో అంతరిక్షయాత్రల సాఫ్ట్‌వేర్ బృందానికి నాయకత్వం వహించిన మార్గరెట్ హామిల్టన్ చెప్పిన ఒక అనుభవాన్ని నేను ఏటా పిల్లలకు వినిపిస్తాను. ఆమె చిన్న కూతురు ప్రయోగశాలలో నమూనా యంత్రంతో ఆడుకుంటూ, ప్రయాణం మధ్యలో నొక్కకూడని మీటలు నొక్కి, ప్రయోగానికి ముందు వాడే ప్రోగ్రామును నడిపించింది. మొత్తం ఆగిపోయింది. అలాంటి పొరపాటును అడ్డుకునే కోడ్ చేరుస్తానని హామిల్టన్ అడిగితే, శిక్షణ పొందిన వ్యోమగాములు అలాంటి తప్పు చేయరని పైవారు ఒప్పుకోలేదు. 1968 డిసెంబరులో అపోలో 8 యాత్రలో జిమ్ లోవెల్ సరిగ్గా అదే తప్పు చేశారు. దిశానిర్దేశ సమాచారం చెరిగిపోయి, దాన్ని భూమి నుంచి మళ్లీ పంపవలసి వచ్చింది. ఈ కథ విన్న పిల్లలు తమ ప్రోగ్రామును కింది తరగతి పిల్లల చేతికి ఇచ్చి, పక్కన నిలబడి, ఒక్క మాటా సాయం చెప్పకుండా చూడడానికి ఒప్పుకుంటారు. అలా చూడడం వాళ్లకు చాలా కష్టం. ఆ పది నిమిషాల్లో కాగితం మీద రాసుకున్న తప్పులు, తాము నెలంతా కనిపెట్టినవాటికంటే ఎక్కువగా ఉంటాయి. ఏం చేశారో, ఏం జరగాలో, ఏం జరిగిందో మూడూ విడివిడిగా రాయడం నేర్పితే చాలు, బగ్గును, అంటే ప్రోగ్రాంలోని తప్పును, వెతకడం సగం పూర్తయినట్టే.

జట్టులో మనుషుల సంగతి దీనికంటే సున్నితమైనది. ఒక తెలివైన పిల్లవాడు మొత్తం కోడ్ తానే రాసేసి, మిగిలిన ముగ్గురూ అట్ట మీద పేర్లు అందంగా రాయడం చాలా బడుల్లో జరుగుతుంది. ఆ ముగ్గురిలో తరచుగా ఆడపిల్లలు ఉంటారు. నివేదిక రాయడం, బొమ్మలు వేయడం, ప్రదర్శనలో మాట్లాడడం వాళ్ల వంతు, కీబోర్డు అబ్బాయిల వంతు అన్నట్టు ఎవరూ చెప్పకుండానే స్థిరపడిపోతుంది. దీన్ని చూసి ఊరుకోకూడదు. మా తరగతిలో నాయకత్వం, కోడ్ రాయడం, పరీక్షించడం, వాడేవారితో మాట్లాడడం అన్న నాలుగు బాధ్యతలు మూడు వారాలకోసారి మారతాయి. నాయకుడంటే పని పురమాయించేవాడు కాదని, ఎవరి పనికి ఏది అడ్డుపడుతోందో అడిగి దాన్ని తొలగించేవాడని మొదటి రోజే చెబుతాను. పీరియడు మొదట్లో ఐదు నిమిషాలు నిలబడి నలుగురు సభ్యులూ కిందటి పీరియడులో ఏం చేశామో, ఇవాళ ఏం చేయబోతున్నామో, ఎక్కడ ఆగిపోయామో చెబుతారు. గోడ మీద చీటీలు అతికించిన పలక ఉంటుంది. చేయవలసినవి, చేస్తున్నవి, అయిపోయినవి అని మూడు వరుసలు. ఎవరి చేతిలోనూ ఒకేసారి ఒకటికి మించి చీటీ ఉండకూడదు. ఈ పద్ధతికి మూలం టొయోటా కర్మాగారాల్లో ఉందని తెలియకపోయినా పిల్లలకు నష్టమేమీ లేదు. మాటకారి కాని పిల్లలు ఈ పలక వల్ల ఎక్కువ బాగుపడ్డారు. తమ చీటీ మూడో వరుసలోకి వెళ్లినప్పుడు తాము నోరు విప్పకుండానే అందరికీ కనిపిస్తుంది.

ఇక్కడ విద్యాశాఖల్లో పాఠ్యప్రణాళికలు తయారుచేసేవారికి ఒక విన్నపం. ప్రాజెక్టు నిర్వహణ ముఖ్యమని ఒప్పుకున్న మరుక్షణం దాన్ని ఒక అధ్యాయంగా మార్చి, దశల పేర్లు, పద్ధతుల నిర్వచనాలు, వాటి లాభనష్టాల పట్టికలు పెట్టి, చివర ఐదు మార్కుల ప్రశ్నలు ఇవ్వాలన్న కోరిక కలుగుతుంది. దయచేసి అలా చేయకండి. 2001లో పదిహేడు మంది ప్రోగ్రామర్లు కూడి పనిని చిన్న చిన్న విడతలుగా చేసి చూపించాలనే ఎజైల్ ప్రకటన వెలువరించారని బట్టీ పట్టిన విద్యార్థికి, ప్రతి వారం పనిచేసే ప్రోగ్రామును వాడేవారికి చూపించి వాళ్ల మాట వినడం అలవాటవుతుందన్న నమ్మకం లేదు. ఏ పని ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగియాలో గీతలతో చూపే గాంట్ పటాన్ని ప్రాజెక్టు పూర్తయ్యాక, రికార్డు కోసం, వెనక్కి లెక్కలు కట్టి గీయించే బడులు నేను చూశాను. అది పిల్లలకు ప్రణాళిక నేర్పదు, కాకి లెక్కలు నేర్పుతుంది.

మార్కుల విషయంలో కూడా మనం ఆలోచన మార్చుకోవాలి. చివరి రోజు ప్రదర్శనలో మెరిసిన ప్రోగ్రాముకే మార్కులన్నీ ఇస్తే, బయట ఎవరితోనో చేయించి తెచ్చేవారిని మనమే ప్రోత్సహించినవాళ్లమవుతాం. ఒక ప్రదర్శనలో నేను న్యాయనిర్ణేతగా ఉన్నప్పుడు, బహుమతికి దగ్గరగా వచ్చిన జట్టును ఒక్క చిన్న మార్పు చేసి చూపించమని అడిగాను. వాళ్లలో ఒక్కరికీ కోడ్ ఏ ఫైలులో ఉందో తెలియదు. పక్క బల్ల దగ్గర, తమ ప్రోగ్రాంలో సగం మాత్రమే పనిచేస్తుందని, మిగిలింది ఎందుకు పనిచేయడం లేదని నిజాయితీగా రాసి అతికించిన జట్టు ఉంది. వాళ్ల దగ్గర ఎవరూ ఆగలేదు. మార్కుల్లో సగమైనా దారిలో మిగిల్చిన ఆనవాళ్లకు ఇవ్వాలని నా అభిప్రాయం. అంచనా పుస్తకం, భాగాల ఒప్పందం కాగితం, బగ్గుల జాబితా, వారం వారం మారిన ప్రోగ్రాం ప్రతులు అందులో ఉండాలి. ప్రతుల కోసం మొదట్లో తేదీ పేరుతో ఒక ఫోల్డర్ చాలు; పదో తరగతికి వచ్చేసరికి, కోడులో జరిగిన ప్రతి మార్పునూ భద్రపరిచే సాధనంగా లైనస్ టోర్వాల్డ్స్ 2005లో తయారుచేసిన గిట్‌ను నేర్పవచ్చు. మిగిలిన సగంలో కొంత ప్రోగ్రాముకు, కొంత ఒక్కొక్కరిని పిలిచి అడిగే ప్రశ్నలకు ఇవ్వాలి. వదులుకున్న పనిని వదులుకున్నామని రాసినందుకు ఒక్క మార్కు కూడా తగ్గించకూడదు. తగ్గిస్తే పిల్లలు నిజం రాయడం మానేస్తారు.

సమయం ఎక్కడిదని అడిగేవారికి నా సమాధానం చిన్నది. వారానికి రెండు పీరియడ్ల చొప్పున పన్నెండు వారాలు, అంటే ఇరవై నాలుగు పీరియడ్లు. ఏడాదికి ఇలాంటి ప్రాజెక్టు ఒక్కటి చాలు. కంప్యూటర్లు చాలవన్న మాట నిజమే, కానీ ఈ పనిలో మూడో వంతు కాగితం మీద, వాడేవారితో మాటల్లో జరుగుతుంది. మిగిలినదానికి ఇద్దరికి ఒక యంత్రం ఉంటే మంచిదే, ఒకరు రాస్తుంటే పక్కనున్నవారు చదివి తప్పు పట్టుకుంటారు. ఉపాధ్యాయులకు శిక్షణ లేదన్న అభ్యంతరం మాత్రం బరువైనది. దీనికి ఉపన్యాసాలతో కూడిన శిక్షణ పనికిరాదు. ఉపాధ్యాయులనే నలుగురేసి జట్లుగా కూర్చోబెట్టి, ఒక చిన్న ప్రోగ్రాం పూర్తిచేయించి, వాళ్ల చేత కూడా అంచనా పుస్తకం రాయించాలి. తమ అంచనా రెండింతలు తప్పిన ఉపాధ్యాయుడు పిల్లల మీద విసుక్కోడు. పిల్లలందరూ ప్రోగ్రామర్లు కారు కదా అని కొందరు అంటారు. కారు; కానీ వాళ్లలో ప్రతి ఒక్కరూ ఏదో ఒక రోజు నలుగురితో కలిసి, గడువు లోపల, మరొకరి అవసరం తీర్చే పని చేయవలసి వస్తుంది.

గ్రంథాలయం ప్రోగ్రాం గురించి చివరిగా ఒక సంగతి చెప్పి ముగిస్తాను. అది ఇప్పటికీ మా బడిలో వాడకంలో ఉంది. దాన్ని తయారుచేసిన జట్టు బడి వదిలి వెళ్తూ, తరువాత వచ్చేవారి కోసం రెండు పేజీల వివరణ రాసి పెట్టింది. కొత్త జట్టు దాన్ని చదివి, సగం అర్థం కాలేదని నా దగ్గర ఫిర్యాదు చేసింది. నిజమే, వాళ్లు తమకు తెలిసిన విషయాలన్నీ అందరికీ తెలుసుననుకుని రాశారు. కొత్త జట్టు పది పీరియడ్లు ఆ కోడ్ చదవడానికే వెచ్చించి, కొత్తగా ఒక్క సదుపాయమూ చేర్చకుండా, వివరణను ఆరు పేజీలుగా తిరగరాసింది. మొదటి పేజీలో ప్రోగ్రామును ఎలా నడపాలో, రెండో పేజీలో సమాచారం ఎక్కడ దాచి ఉందో, చివరి పేజీలో తమకు కూడా అర్థం కాని మూడు చోట్లు ఏవో రాశారు. ఆ ఏడాది తరగతిలో అందరికంటే ఎక్కువ మార్కులు నేను ఆ జట్టుకే వేశాను.

భవదీయురాలు,
ఒక ఉన్నత పాఠశాల కంప్యూటర్ ఉపాధ్యాయురాలు